రైలుబండిలో నిద్ర

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అను సామెతను మీరందరును వినియుందురు. ఇందులో మొదటి సగమును నేను పూర్తిగా నమ్ముదును. రెండవ సగమును గూర్చి మాత్రము నాకు కొంత సందేహము కలదు. ఈ మాట చెప్పిన పెద్దమనిషి రాత్రివేళ రైలుబండిలో ప్రయాణము చేసినవాడు కాడని నా ఊహ. పగలెల్ల పొలములో పాటుపడినవానికి కటికనేలయు పట్టుపరుపే యగును, నిజమే. కాని అదే మనుష్యుని రాత్రి పది గంటలకు బండి యెక్కించి, ఆరడుగుల బల్లమీద పరుండబెట్టి, తలవైపున ఒక పసిబిడ్డను, కాళ్లవైపున ఒక పేకాట గుంపును ఉంచి చూడుడు. నిద్ర సుఖ మెరుగునో యెరుగదో అప్పుడు తెలియగలదు.

రైలులో నిద్రించు విషయమున మనుష్యులందరు ఒకే తీరున నుండరు. కొందరు బండి కదలకముందే గురక మొదలుపెట్టుదురు. వీరు పూర్వజన్మమున పుణ్యము చేసికొన్నవారు. ఆ పుణ్యమువలని సుఖము వారిది, శబ్దము తక్కినవారిది. కొందరు బండి ఆగినప్పుడెల్ల తలయెత్తి “ఏ ఊరు?” అని అడిగి, సమాధానము వినకయే మరల పరుందురు. కొందరు చెప్పులు పోవునేమో యను భయముచే వానిని కాగితములో చుట్టి తలక్రింద పెట్టుకొందురు. వీరికి చెప్పులు దక్కును గాని నిద్ర దక్కదు. నేను చాలకాలము రెండవ తెగకు చెందినవాడనై యుంటిని. నలువదేండ్లుగా ఉద్యోగరీత్యా రాత్రి బండ్లలో తిరిగి, చూచినదియు విన్నదియు చేర్చుకొనగా, ఈ విద్యలో నాకు కొంత ప్రవేశము కలిగినది. విద్య యని యేల అనుచున్నాననగా, ఇది నేర్చుకొన్నచో వచ్చును.

మాది వాడరేవు. చీరాల పట్టణమునుండి సముద్రమువైపు ఆరేడు కిలోమీటర్లు పోయినచో తగులు పల్లె. ఓడలు వచ్చిన రేవు గనుక ఆ పేరు వచ్చినదని మావా రందురు. మా ఊరు తాను కదలకయే మూడు జిల్లాలు చూచినది. ముందు గుంటూరు జిల్లాలో నుండెను. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరెను. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. పడమటగా పోయినచో పర్చూరు, చిలకలూరిపేటల నల్లరేగడి నేలలు, వానిలో ప్రత్తియు మిరపయు కనబడును. మావైపున మాత్రము ఇసుక, సరుగుడు తోపులు, దీపస్తంభము, వలలు, పడవలు. ఇంతే మా ఆస్తి.

సముద్రమునకు దగ్గరగా పుట్టినవానికి నిద్రకు సంబంధించిన ఒక చిక్కు కలదు. అలల హోరు పుట్టిననాటినుండి చెవిలో నుండును. అది ఉన్నదని కూడ వానికి తెలియదు. అది లేనిచోటికి పోయిననాడు నిశ్శబ్దము వానిని మేలుకొలుపును. నేను మొదటిసారి పై ఊరిలో చదువుకొనుటకు పోయినప్పుడు వారము దినములవరకు నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఏమి తక్కువయైనదో తెలియక బాధపడితిని. ఇది చెప్పుట యెందుకనగా, నిద్రకు కావలసినది నిశ్శబ్దమని మనము పొరబడుచుందుము. నిద్రకు కావలసినది మారని శబ్దము. అల వచ్చును, పోవును, మరల వచ్చును. రాబోవునది యేదో మనకు ముందే తెలిసినప్పుడు మనస్సు కాపలా విడిచిపెట్టును. రైలుబండికిని ఈ గుణము కొంత కలదు. బండి సాగుచున్నంతసేపు నిద్రపోయినవారు, అది ఏ పొలము నడుమనో సిగ్నలు లేక ఆగినంతనే కన్నులు తెరచుట మీరును చూచియుందురు.

ఊపు విషయమును అంతే. మన తల్లులు శాస్త్రము చదువకయే ఉయ్యాల కట్టిరి. స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరపు శాస్త్రజ్ఞులు ఈ విషయమును ప్రయోగము చేసి చూచిరి. నాలుగు సెకనుల కొకసారి మెల్లగా అటునిటు కదలు మంచము నొకటి చేయించి, 2011లో పెద్దవారిని దానిపై పగటిపూట కునుకు తీయనిచ్చిరి. 2019లో రాత్రియెల్ల పరుండజేసిరి. కదలని మంచముమీదకంటె దీనిపై వారికి త్వరగా నిద్రపట్టెను, గాఢముగను పట్టెను. అయినచో రైలులో అందరికిని నిద్ర పట్టవలెను గదా, ఎందుకు పట్టదు అని మీరడుగవచ్చును. ఉయ్యాల ఒకే తీరున ఊగును, రైలు అట్లుగాదు. బ్రేకు వేసినప్పుడు ముందునకు త్రోయును, పట్టాలు మారుచోట ప్రక్కకు కుదుపును. ఇది ఒక కారణము.

రెండవ కారణము మన తలలోనే యున్నది. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమువారు ఒక వింతను ప్రకటించిరి. మనుష్యుడు క్రొత్తచోట పరుండిన మొదటి రాత్రి అతని మెదడులో ఒక సగము గాఢముగా నిద్రపోవును. ఎడమ సగము మాత్రము అంత గాఢముగా నిద్రింపక, చిన్న చప్పుడైనను కనిపెట్టుచుండునట. అడవిలో బ్రతికిననాటి కాపలా యింకను మనలను విడువలేదు. రైలులో ప్రతి రాత్రియు మొదటి రాత్రియే. కావున ఒక సగము నిద్రించుచుండగా తక్కిన సగము పెట్టెను కాచుచుండును. ఇది తెలిసిన తరువాత, రైలులో సగము నిద్రయే దొరకిన దినమున నేను నన్ను నిందించుకొనుట మానితిని.

పాతకాలపు ప్రయాణికులకు ఇంకొక జోలపాట యుండెడిది. అప్పుడు పట్టాలు 13 మీటర్ల ముక్కలుగా అతుకుబడి యుండెడివి. చక్రము ప్రతి అతుకును దాటునప్పుడు టకటకమని చప్పుడగుచుండెడిది. దానితో మేమొక లెక్క చేసెడివారము. గడియారము చూచుచు 47 సెకనులలో ఎన్ని అతుకులు దాటెనో లెక్కించినచో, ఆ సంఖ్యయే గంటకు అన్ని కిలోమీటర్ల వేగమగును. ఎట్లో మీరే కాగితముపై వేసి చూచుకొనుడు. ఈ లెక్క చేయుచు నలువది దాటకముందే నిద్రపోయినవారిని నే నెరుగుదును. నేడు ప్రధాన మార్గములలో పట్టాలను కరగించి అతికి పొడవుగా చేసినారు. కుదుపు తగ్గెను, వేగము పెరిగెను, జోలపాట పోయెను. పోయినందుకు నాకు కొంచెము విచారమే.

చీరాలమీదుగా విజయవాడ, మద్రాసులను కలుపు దారి 1899లో పూర్తియైనది. ఆనాటి సామాన్య ప్రయాణికునికి రైలులో నిద్రపోవుట యను ఆలోచనయే లేదు. కూర్చుండుటకు చోటు దొరకినచో చాలును. 1917వ సంవత్సరము సెప్టెంబరు మాసమున గాంధీమహాత్ముడు బొంబాయినుండి మద్రాసునకు మూడవ తరగతిలో ప్రయాణము చేసి, తాను చూచినదానిని పత్రికలకు వ్రాసెను. ఆ పెట్టె 22 మంది కొరకు ఏర్పడినది. అందరును కూర్చుండుటకే గాని, సుఖముగా మేను వాల్చుటకు బల్లలు లేవు. దారిలో రెండు రాత్రులు గడపవలెను. పోను పోను జనము 22ను మించిపోయెను. కొందరు మురికిపట్టిన నేలపై పడుకొనిరి, కొందరు నిలువుకాళ్లమీదనే తెల్లవార్చిరి. మహాత్ముడు తన కష్టమును చెప్పుకొనుటకు ఆ లేఖ వ్రాయలేదు. టిక్కెట్టు కొన్న మనుష్యుని మూటవలె చూడరాదని వ్రాసెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట మూడవ తరగతివారికిని పడుకొను బల్లలు వచ్చినవి. కాని అవి ఉత్త చెక్క బల్లలు. అందుచే ప్రతి కుటుంబమును హోల్డాలు అను పెద్ద పక్కచుట్టను, మరచెంబును, ఇనుప పెట్టెను వెంట తీసికొనిపోవలసియుండెను. 1974లో మూడవ తరగతి పేరు పోయి అది రెండవ తరగతి యయ్యెను. పేరు మారినను చెక్క మారలేదు. 1977లో మధు దండవతేగారు రైల్వేమంత్రియైనప్పుడు, సామాన్యుల బల్లలకు రెండంగుళముల మందమున మెత్తని నురుగుపరుపు వేయవలెనని నిశ్చయించిరి. ఆ యేటి డిసెంబరులో హౌరా బొంబాయిల నడుమ, తరగతుల భేదము లేకుండ, గీతాంజలి ఎక్స్‌ప్రెస్ నడిచెను. పై తరగతులకు మరింత సుఖము కూర్చుటకంటె క్రింది తరగతికి రెండంగుళముల మెత్తదనము నిచ్చుట మేలని తలచిన మంత్రి యొకరుండెనని తలచుకొన్నప్పుడు, చెక్కబల్లపై ప్రయాణము చేసిన నాబోటివారికి నడుము ఇప్పటికిని చల్లబడును. ప్రభుత్వములు చేయు గొప్ప పనులలో ఆనకట్టలను చెప్పుదురు, కర్మాగారములను చెప్పుదురు. ఈ రెండంగుళములనుకూడ చెప్పవలెనని నా అభిప్రాయము.

దీనికి వ్యతిరేకమైన ముచ్చటయు నొకటి కలదు. 2007 ప్రాంతమున ఎవరికో ఒక ఊహ తోచెను. నడవ ప్రక్కనున్న రెండు బల్లల మధ్య మూడవ బల్ల నొకటి ఇరికించినచో పెట్టెకు తొమ్మిది పడకలు పెరుగును గదా! ఇరికించిరి. క్రింద కూర్చున్నవాడు మెడ నిలుపలేడు, నడుమ పరుండినవాడు ప్రక్కకు తిరుగలేడు. ప్రజలు గొణిగిరి. రెండు మూడేండ్లలోనే ఆ బల్లలు తీసివేయబడెను. లెక్కలో కుదిరినది నడుములో కుదురలేదు.

ఇక విద్యను గూర్చి చెప్పుదును. మొదట బెర్తును ఎన్నుకొనుట. స్లీపరు పెట్టెలో పాతవానియందు 72, క్రొత్తవానియందు 80 బెర్తులుండును. ఎనిమిది బెర్తు లొక అరగా నుండును. మీ టిక్కెట్టుమీది సంఖ్యను ఎనిమిదితో భాగింపుడు. శేషము ఒకటిగాని నాలుగుగాని వచ్చినచో అది క్రింది బెర్తు. రెండు, అయిదు నడిమివి. మూడు, ఆరు పైవి. ఏడు వచ్చినచో నడవప్రక్క క్రిందిది. శేషము లేకున్నచో నడవప్రక్క పైది. లెక్కలవలన ప్రయోజనమేమని అడుగు పిల్లలకు నేనీ యుదాహరణమును చెప్పుచుందును. మిక్కిలి చిన్న సంఖ్యలును మిక్కిలి పెద్ద సంఖ్యలును పెట్టె కొనలయం దుండును. అచ్చట తలుపులు, మరుగుదొడ్లు, క్రింద చక్రములు. రాత్రియెల్ల ఎవరో ఒకరు తలుపు దభాలున వేయుచుందురు. ముప్పదికి అటునిటుగా దొరకినచో మీ అదృష్టము.

తల యెటు పెట్టవలెనను విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. కిటికీవైపు పెట్టినచో గాలి తగులును, నడవవైపు పెట్టినచో పోవువారి సంచులు తగులును. క్రింది బెర్తులో కిటికీ రేకును దించి అటే తల పెట్టుకొనుట నా పద్ధతి. పై బెర్తులో పంకా దుమ్మెల్ల ముఖముననే పడును గనుక పలుచని గుడ్డ కప్పుకొనవలెను. ఎండకాలమున పై బెర్తు కుమ్మరి ఆవమువలె నుండును. శీతకాలమున అదియే సుఖము. శీతలపు పెట్టెలలో దుప్పట్లు, దిండు, కంబళి రైలువారే ఇత్తురు. స్లీపరులో మనవి మనమే తెచ్చుకొనవలెను. ఊదుకొను గాలిదిండ్లు కొందరు వాడుదురు. తలయెత్తగానే అవి జారిపోవును. ప్రత్తి పండు సీమలో పుట్టినవారు గాలిని తలక్రింద పెట్టుకొనుటయేల? నేను మాత్రము రెండు చీరాల నేత దుప్పట్లు తీసికొనిపోదును. ఒకటి పరచుకొనుటకు, ఒకటి కప్పుకొనుటకు. తెల్లవారుజామున చలివేసినచో రెండును కప్పుకొనుటకు.

భోజనము తేలికగా చేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కాని మన సీమవారికి మరియొక హెచ్చరిక అవసరము. మాఘ ఫాల్గుణములలో గుంటూరు సీమనుండి బయలుదేరు ప్రతివాడును బంధువులకై క్రొత్తకారము కొనిపోవును. ఒకసారి నా పైబెర్తువాని కారపు సంచి కుట్టు విడెను. పంకా తిరుగుచుండెను. మొదట ఒకరు తుమ్మిరి, పిమ్మట ఎదుటివారు, అరగడియలో ఆ కొననుండి ఈ కొనవరకు పెట్టెయెల్ల తుమ్మెను. సంచి యజమానుడును తుమ్ముచునే “మంచి సరకండీ!” అనెను. ఆ రాత్రి ఎవరును నిద్రింపలేదు. కారమును డబ్బాలో కొనిపోవుడు.

దిగవలసిన స్టేషను దాటిపోవునేమో యను భయము నిద్రకు పెద్ద శత్రువు. మా చీరాలలో చాల బండ్లు ఒకటి రెండు నిమిషములకంటె నిలువవు. హైదరాబాదునుండి వచ్చునప్పుడు మాకొక గుర్తు కలదు. విజయవాడ దాటగానే కృష్ణ వంతెన వచ్చును. అంతవరకు నేలపై మెత్తగా పోవుచున్న శబ్దము ఒక్కసారి ఇనుపశబ్దమగును. ఎంత గాఢనిద్రలో నున్న ముసలమ్మయైనను లేచి, కొంగుముడి విప్పి, నదిలోనికి నాణెము విసరి నమస్కరించును. అచ్చటినుండి చీరాల సుమారు 90 కిలోమీటర్లు. తెనాలి, బాపట్ల దాటవలెను. ఇంకొక గంట నిద్ర మిగిలియున్నదన్నమాట. ఇప్పుడు టెలిఫోనులో గంట పెట్టుకొనుట వచ్చినది. గంట పెట్టుకొన్నవారు లేచుటయు, వారికంటె ముందు ఎనిమిదిమంది లేచుటయు జరుగుచున్నది.

రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు నడిమి బెర్తు పైకెత్తుకొని పరుండు హక్కు దానివానికి కలదని రైల్వేవారి నియమము. ఆ వేళకు ముందు క్రింది బెర్తుమీద అందరును కూర్చుండవలెను. నియమము మంచిదే. కాని నియమము చెప్పనివి కొన్ని మనుష్యుల మధ్య జరుగుచుండును. నేను కన్నులార చూచినదానిని చెప్పుదును.

మా యింటికి నాలుగిండ్ల అవతల ఒక ముసలి జాలరి యుండెను. మే మందరము ఆయనను తాత యని పిలుచువారము. చిన్ననాడే ఏదో గాయము తగిలి ఆయనకు ఒక కన్ను పోయెను. ఉన్న ఒక్క కంటికిని డెబ్బదియవయేట శుక్లము వచ్చెను. హైదరాబాదులో నున్న కూతురు అచ్చట ఆపరేషనుకు ఏర్పాటు చేసినది. ఒకసారి ఆయన జనరలు పెట్టెలో, మరుగుదొడ్డి తలుపువద్ద మూటపై కూర్చుండి రాత్రియెల్ల జాగరము చేసి పోయెను. ఉదయము ఆసుపత్రిలో రక్తపోటు హెచ్చుగా నున్నదని చెప్పి త్రిప్పి పంపిరి. ఒక్క కన్నే మిగిలినవానికి అట్టి స్థితిలో ఆపరేషను చేయుట డాక్టర్లకును ఇష్టముండదు గదా. రెండవసారి నేను వెంట బయలుదేరితిని. ముందు రాత్రి చక్కగా నిద్రింపవలెనని డాక్టరు గట్టిగా చెప్పి యుండెను. ముందుగానే టిక్కెట్లు తీసితిని. పెద్దవయస్సువారికిచ్చు వసతివలన తాతకు 33వ నంబరు, క్రింది బెర్తు దొరకెను. దానిపై నడిమిది 34, నాది.

రాత్రి పదకొండు గంటల వేళ చీరాలలో బండి యెక్కితిమి. దీపములార్పి యుండెను. 39వ నంబరు, అనగా నడవప్రక్క క్రింది బెర్తుమీద, ఒక చిన్నవయస్సు తల్లి చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండియుండెను. ఆ బెర్తు రెండు కుర్చీలను వాల్చి కలిపినది, నడుమ సందుండును. బిడ్డను పడుకొనబెట్టినచో సందులో చేయి ఇరుకుకొనుననియు, నడవలో పోవువారు తగులుదురనియు ఆమె భయము. ఒంగోలునుండి అట్లే కూర్చుండి యున్నదట. తాతకు కన్ను సరిగా కానరాదు గాని చెవి నిశితము. బిడ్డ ఏడ్పు విని సంగతి అడిగి తెలిసికొనెను.

“తల్లీ, నువ్విటు రా. ఇక్కడ గోడ వారగా బిడ్డను పడుకోబెట్టు. ఆ పక్కబల్ల నాకియ్యి” అనెను.

“వద్దు తాతగారూ, మీరు పెద్దవారు. అక్కడ మీకు నిద్ర పట్టదు” అని ఆమె అనెను.

నేనును అడ్డుపడితిని. “తాతా, రేపు నీ కంటికి ఆపరేషను. ఈ రాత్రి నిద్ర లేకపోతే మళ్లీ తిరిగి రావలసి వస్తుంది” అని చెవిలో చెప్పితిని.

ఆయన నవ్వెను. “బాబూ, పడవలో మనిషి నిలువునా పడుకుంటాడు గాని అడ్డంగా పడుకుంటాడా? ఈ బల్లలు అడ్డం. ఆ బల్ల నిలువు. నాకు అదే అలవాటు” అనెను.

నేను అన్ని ప్రయాణములు చేసినను ఈ సంగతిని ఆలోచించి యుండలేదు. నిజమే. అరలోని ఆరు బెర్తులు బండి పోవు దిక్కునకు అడ్డముగా నుండును. నడవప్రక్కవి రెండే నిలువుగా నుండును. అడ్డముగా పరుండినవాడు బండి ఊగినప్పుడు తలనుండి కాళ్లకు, కాళ్లనుండి తలకు ఊగును. బ్రేకు వేసినప్పుడు ప్రక్కకు దొర్లును. నిలువుగా పరుండినవానికి ఊపు ప్రక్కలకు వచ్చును, అచ్చముగా పడవలోవలె. తాత తన పై తువ్వాలును మెలిపెట్టి సందులో కూరెను. దానిపై దుప్పటి పరచి, ముడుచుకొని పరుండెను. తల్లి బిడ్డను గోడవారగా పరుండజేసి తాను అడ్డముగా పరుండెను.

నాకు మాత్రము నిద్ర రాలేదు. కిటికీవైపు తల పెట్టుకొను నా పద్ధతిని విడిచి, తాత కనబడునట్లు నడవవైపు తల పెట్టుకొంటిని. తెనాలి దాటెను. కృష్ణ వంతెనమీది శబ్దము మొదలు కాగానే తాత లేచి కూర్చుండి, “కృష్ణేనా బాబూ?” అని అడిగి, చేతులు జోడించి, మరల పరుండెను. మరుక్షణమే గురక. ఉన్న ఒక్క కన్ను రేపు వెలుగునో ఆరునో తెలియని మనుష్యుడు అంత నిశ్చింతగా నెట్లు నిద్రించునో నాకు బోధపడలేదు. ఎప్పుడు గాలివాన వచ్చునో తెలియని నీటిమీద నిద్రించి అలవాటుపడినవారికి ఆ శక్తి వచ్చునేమో.

ఆ రాత్రి నిద్ర లేకపోవుటచే వేరొక లోకమును చూచితిని. చిన్న స్టేషనులు దాటునప్పుడెల్ల ఎవరో ఒకరు చీకటిలో నిలువబడి పచ్చదీపము చూపుచుండిరి. మన బండి క్షేమముగా పోవుచున్నదని వారు ముందునున్న డ్రైవరుకును, వెనుకనున్న గార్డుకును తెలుపు సంజ్ఞ అది. గేట్లవద్ద లారీలను నిలిపి కాపలావారు నిలిచియుండిరి. ఇంజనులో డ్రైవరు కనురెప్ప వాల్చుటకు వీలులేదు. ఒక నిమిషమంత కాలము ఆయన ఏ మీటను కదపకున్నచో ఎదుట దీపము వెలుగును, పిమ్మట బూర మ్రోగును, అప్పటికిని పలుకకున్నచో బ్రేకులు తమంతట తామే పడును. మా తీరమున గాలివానలు వచ్చు కార్తీకమాసపు దినములలో ఇంకొకరిని తలచుకొనవలెను. వర్షములో పట్టాలవెంట గస్తీ తిరుగు రైల్వే పనివారు. చేత దీపము, సంచిలో పట్టాలపై పెట్టి పేల్చు బిళ్లలు. ఎక్కడనైన కట్ట కోసుకొనిపోయినచో, ఆ బిళ్లలను పట్టాపై అమర్చుదురు. చక్రము తగిలి అవి పేలగానే డ్రైవరు బండి నాపును. బండిలో వేయిమంది నిద్రించుచుండగా, ఆ మనుష్యుడు చీకటిలో నడచుచుండును. అతని పే రెవరికిని తెలియదు.

జనరలు పెట్టె సంగతియు ఆ రాత్రియే చూచితిని. ఖమ్మము స్టేషనులో దిగి నీళ్లకొరకు ముందునకు పోయినప్పుడు, దాని వాకిలివద్ద మిరపకోతలు ముగించుకొని పోవు కూలివారు ఒకరి భుజముపై ఒకరు తల వాల్చి నిద్రించుచుండిరి. ఒక పిల్లవాడు సామాను పెట్టు బల్లమీద మూటల నడుమ మూటవలె పరుండియుండెను. మహాత్ముడు వ్రాసి నూరేండ్లు గడచినవి. రెండంగుళముల మెత్తదనము ఆ తలుపువరకు ఇంకను రాలేదు.

ఉదయము సికింద్రాబాదులో దిగునప్పుడు బిడ్డ తల్లి తాత పాదములకు నమస్కరించెను. ఆసుపత్రిలో నర్సు తాత చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూచుచుండగా, నేను ఆ యంత్రమువైపు చూడలేక గోడవైపు చూచుచుంటిని. ఆమె అంకెలు వ్రాసికొని, “బాగానే ఉంది, రాత్రి బాగా నిద్రపోయినట్లున్నారే” అనెను. “నిద్రపోయాను తల్లీ. ఇదిగో, ఈ బాబుకు చూడండి పోటు” అని తాత నావైపు చేయి చూపెను. ఆమె వేడుకకు నాదియు చూచినది. హెచ్చుగానే యుండెను.

ఆ దినమే ఆపరేషను జరిగెను. మరునాడు కట్టు విప్పినప్పుడు ఆయన మొదట తన అరచేతిని, వలత్రాడు కోసిన గీతలను, చాలసేపు చూచుకొనెను. పిమ్మట కూతురి ముఖమును చూచి, “చిక్కిపోయావే” అనెను.

ఇప్పుడాయన వాడరేవు ఇసుకలో కూర్చుండి వలలు బాగుచేయుచున్నాడు. సూదిలో దారము తానే ఎక్కించుకొనుచున్నాడు. ఆరు నెలల కొకసారి కన్ను చూపించుకొనుటకు హైదరాబాదు పోవలెను. టిక్కెట్టు తీయవలసినప్పుడెల్ల మా వీధి పిల్లవానిని ఒకనిని పిలిచి, “ఒరే, ఎనిమిదితో భాగిస్తే ఏడు మిగలాలిరా, గుర్తుపెట్టుకో” అని చెప్పి పంపుచున్నాడు.